పోలిక ఊరు

నమోదు 1

మారిత్ ఇవాళ నాకొక చెవి ఇచ్చింది. చింతపిక్కంత నల్ల బిళ్ళ. ఇంటి గుంజకు అతికించి, తోచినప్పుడల్లా తోచింది చెప్పుకోమంది. "ఇది నీ సొంతం అక్కా. నువ్వు చెప్పింది నీకు తప్ప ఎవరికీ వినిపించదు" అంది. గోడలకు చెవులుంటాయని మా అమ్మ ఊరికే అనేది. మా ఇంటి గోడకు ఇప్పుడు నిజంగానే వచ్చింది. మగాళ్ళంతా వేటకని నడిసముద్రం పోయి సగం ఏడు ఇంటి మొహం చూడరు కాబట్టి, మాట్లాడటానికి నాకూ ఏదో ఒకటి కావాలి.

సరే, విను. నా పేరు నాంచారి. ఊళ్ళో పూసల నాంచారి అంటారు. పూసలమ్మే దాన్ని కాదు. దూరదేశపు ఉత్తర మైత్రి సంఘం, అంటే మారిత్ వాళ్ళు, మాలో ప్రతి ఒక్కరి మణికట్టులోనూ, చర్మం కింద, ఆవగింజంత పూస పెట్టారు. ఒంట్లో ఉప్పు ఎంత చేరిందో అది చెబుతుంది. వారానికోసారి నేను ఒక్కొక్క చెయ్యీ పట్టుకుని దాని మీద పలక తిప్పుతాను. పలక పచ్చగా వెలిగితే మంచిది, పసుపైతే జాగ్రత్త, ఎరుపైతే దేవుడే దిక్కు. ఆ లెక్క నేరుగా మారిత్‌కు పోతుంది. మా ఈలదిబ్బలో ఒక రోజు, పాయకు అవతల గువ్వలపాలెంలో ఒక రోజు, ఇదీ నా ఉద్యోగం. రెండూ పీపాల మీద తేలే ఊళ్ళే. దిబ్బ మునిగి మూడు తరాలైంది, పేరు మాత్రం మునగలేదు.

ఇవాళ మా ఊరి నడుమ నీటిచెట్టు పాతారు. పాతారంటే, చెక్కల మధ్య సందులోంచి దాని వేళ్ళను ఉప్పునీళ్ళలోకి వదిలారు. పొద్దున మోకాలెత్తున ఉన్నది సాయంత్రానికి తెరచాప గుంజంత ఎదిగింది. దాని కాండానికి ఒక కాడ ఉంది, అందులోంచి మంచినీళ్ళు వస్తాయి. మా మామ పోతురాజు ఊరికి పెద్ద కాబట్టి మొదటి దోసిలి ఆయనే పట్టాడు. తాగి చాలాసేపు నోరు చప్పరించాడు.

"ఏంటి మావా, ఎలా ఉన్నాయి?" అన్నాను.

"ఏంటోనే, రుచే లేదు" అన్నాడు.

ఊరంతా పడీపడీ నవ్వింది. పుట్టి బుద్ధెరిగాక ఉప్పు లేని నీళ్ళు ఆయన తాగిందెప్పుడు గనక! వాననీళ్ళు పట్టినా వాటికి టార్పాలిన్ కంపే.

తర్వాత మారిత్ మా ఇంటికి వచ్చింది. చాప వేసి కూర్చోబెట్టి, కూజాలో అడుగున దాచుకున్న వాననీళ్ళు గ్లాసులో పోసి ఇచ్చాను. ఇంటికొచ్చిన మనిషికి ముందు నీళ్ళు, తర్వాతే మాట. పగవాడొచ్చినా మాకు ఇదే పద్ధతి. తను ఇబ్బందిపడుతూ, "మీకే లేవు కదా అక్కా" అంది. "నువ్వు తాగకపోతే నాకు ఇవి దిగవు, తాగు" అన్నాను. తాగింది. మడ పీతల పులుసు కూడా తిని, కారానికి కళ్ళనీళ్ళు పెట్టుకుంటూ నవ్వింది. రెండేళ్ళు కష్టపడి మా భాష నేర్చుకున్న పిల్ల. నాకు చెల్లెళ్ళు లేరు. ఆ లోటు తీరిందనే అనుకున్నాను.

"మరి గువ్వలపాలేనికి చెట్టు ఎప్పుడు?" అని అడిగాను.

"తర్వాతి విడతలో అక్కా" అంది.

నమోదు 6

చెట్టు పాతేముందు మామ చేత ఒక ఒప్పందం మీద వేలిముద్ర వేయించారు. ఈ నీళ్ళు ఈలదిబ్బ వాళ్ళే తాగాలి, ఊరు దాటకూడదు అని. మామ వేశాడు. మేమంతా సరేనన్నాం. మర్నాటి నుంచే ప్రతి ఇంటి నుంచీ ఒక బిందె పాయ దాటుతోంది.

ఇందులో మోసం ఏమీ లేదు. ఈలదిబ్బ కోడళ్ళందరూ గువ్వలపాలెం ఆడపడుచులే. అక్కడి కోడళ్ళందరూ ఇక్కడి పిల్లలే. తాతల నాటి నుంచీ కుండమార్పిడి పెళ్ళిళ్ళు. నేను అక్కడ పుట్టి ఇక్కడికొచ్చాను, మా ఆయన చెల్లెలు లంకమ్మ ఇక్కడ పుట్టి మా తమ్ముడికి పెళ్ళామై అక్కడికి పోయింది. ఇంటికి కొత్తది ఏది వచ్చినా, మొదటి చేపైనా, కొత్త ఆవకాయైనా, పుట్టింటికి ఒక పాలు పోవాలి. పోకపోతే ఆ ఇల్లు అచ్చిరాదంటారు. మంచినీళ్ళకంటే కొత్తది ఏముంది? ఊరు దాటకూడదంటే ఏదో పరాయి ఊరికి అమ్ముకోకూడదని మేం అనుకున్నాం. పుట్టిల్లు పరాయి ఊరెలా అవుతుంది?

బిందెలు పడవల్లో వలల కింద పోతుంటాయి. మామ రేవులో కూర్చుని అటు తిరిగి వల అల్లుకుంటాడు. ఒక రోజు, ఎవరినో తిడుతున్నట్టుగా, "మూత సరిగ్గా పెట్టి ఏడవండే, ఒలికిపోతన్నాయి" అన్నాడు. ఆయన కూతురు లంకమ్మా ఆ ఒడ్డునే ఉంది మరి.

నమోదు 15

లంకమ్మకు మూడో నెల!

ఇవాళ గువ్వలపాలెంలో పలక తిప్పుతుంటే చెయ్యి ఇవ్వకుండా వెనక్కు దాచుకుని నవ్వుతోంది.

"ఏంటే ఆ ఇకిలింపు? చెయ్యివ్వు" అన్నాను.

"ఒక చెయ్యికే తిప్పుతావా ఒదినా, లోపలుండే చెయ్యికి కూడా తిప్పుతావా?" అంది.

పలక కింద పడేసి దాన్ని కావలించుకున్నాను. ఇంతకుముందు రెండుసార్లు కడుపొచ్చింది దానికి. రెండుసార్లూ ఏడో నెల దాటేసరికి మొహం, కాళ్ళు బూరెల్లా పొంగి, ఫిట్స్ వచ్చి కడుపులు పోయాయి. ఉప్పునీళ్ళు తాగే కడుపు నిలవదని కరకట్ట మీద ఆసుపత్రిలో డాక్టరమ్మ అప్పుడే చెప్పింది. మంచినీళ్ళు తాగించండి అని కూడా చెప్పింది మహాతల్లి, ఎక్కడి నుంచో మాత్రం చెప్పలేదు.

ఈసారి దాని పలక పచ్చగా వెలుగుతోంది. మా అమ్మ, అంటే దాని అత్త, మా ఇంటి బిందెను కోడలికి తప్ప ఎవరికీ ముట్టనివ్వదు. తను ఉప్పునీళ్ళే తాగుతోంది. "నాకింక కానుపులున్నాయా ఏంటి?" అంటుంది.

నమోదు 24

మారిత్ వచ్చింది. మొహం వాడిపోయి ఉంది. నీళ్ళిచ్చినా గ్లాసు పట్టుకుని అలాగే కూర్చుంది.

"అక్కా, చెట్టు పీకేస్తారట" అంది.

ఎందుకని అడిగితే వివరంగా చెప్పింది. వాళ్ళ దేశంలో జనం కట్టే పన్నుల్లోంచి ఈ సాయం వస్తుందట. ఇన్నేళ్ళూ లోకమంతా ఏవేవో ఇచ్చారట, పంపులు, పొయ్యిలు, బడులు. ఏది పనికొచ్చిందో ఏది తుప్పు పట్టిందో ఎవరూ చూడలేదట. అందుకని ఇప్పుడు రుజువు లేనిదే పైసా కదలదట. అది తప్పని నేననలేను. మా ఊళ్ళోనూ ఎవరో దాతలిచ్చిన గాలిమర ఒకటి ఉంది, దాని మీద కాకులు గూళ్ళు పెట్టుకున్నాయి.

"రుజువుకు ఒకేలాంటి రెండు ఊళ్ళు కావాలి అక్కా. మీవి రెండూ అచ్చు ఒకేలా ఉన్నాయి. అదే పని, అదే తిండి, అదే పాయ. ఒక ఊరికి చెట్టు ఇచ్చి, రెండో ఊరికి ఇవ్వకుండా చూస్తే, ఒంట్లో ఉప్పు తేడా ఎంతుందో అదంతా చెట్టు వల్లనే అని తెలుస్తుంది. కానీ తేడా లేదు. గువ్వలపాలెంలోనూ ఉప్పు తగ్గింది. చెట్టు లేకుండానే తగ్గితే ఇక చెట్టెందుకు అంటున్నారు."

"ఇవ్వకుండా చూస్తే అంటే? తర్వాతి విడత అన్నావు గదా?"

తను గ్లాసు వైపు చూసింది. "తర్వాతే. ఫలితాలు వచ్చాక" అంది.

అక్కడ ఆగాల్సింది నేను. మనసులో ముల్లు గుచ్చుకుంది కూడా. కానీ ఆ పిల్ల కళ్ళలో నీళ్ళు చూసి, చెట్టు పోతుందన్న భయంతో, అన్నీ కక్కేశాను. బిందెలు, పుట్టిళ్ళు, వలలు, అన్నీ. "మీ చెట్టు పనిచేయకపోవడమేంటే పిచ్చిదానా! ఒక ఊరికి ఇస్తే రెండు ఊళ్ళకు పనిచేస్తోంది. అవి ఒకేలా ఉన్నాయని ఏరుకున్నావు గదా, ఒకేలా ఎందుకున్నాయో అడిగావా? అవి రెండూ ఒకటే కాబట్టి!" అన్నాను.

మారిత్ నోరు తెరుచుకుని చూసింది. తర్వాత పకపకా నవ్వింది, తర్వాత ఏడ్చింది, నన్ను వాటేసుకుంది. "నువ్వు చెట్టును బతికించావు అక్కా" అంది.

"ఒప్పందం తప్పామని మా మీదికి రారు గదా? లంకమ్మకు ఇప్పుడు అయిదో నెల."

"నా మీద నమ్మకం లేదా?" అంది.

ఉందన్నాను.

నమోదు 25

అమ్మకు చెప్పాను. అమ్మ సంతోషించలేదు.

"కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుద్దే నాంచారీ" అంది.

"తను అలాంటిది కాదమ్మా, మన ఇంటి పిల్లలా తిరుగుతోంది" అన్నాను. అమ్మకు ప్రతిదానికీ అనుమానమే. పెళ్ళిచూపుల నాడు మా ఆయన్ని కూడా దొంగచూపులవాడే అంది.

నమోదు 29

నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయట. అలా అయ్యింది నా బతుకు.

పొద్దున పెద్ద పడవలో మనుషులు దిగారు. చెట్టు కాడకు ఇనుప మూతి బిగించారు. ఇక బిందె పెడితే చుక్క రాదు. మనిషి వచ్చి మూతికి నోరు పెట్టి, చెయ్యి ఆనిస్తే, ఈలదిబ్బ పూసైతేనే నీళ్ళు వస్తాయి. అక్కడే తాగాలి. స్నానానికీ వంటకూ ఇళ్ళకు వచ్చేవి ఇక లేవు, పాత వాన కూజాలే గతి. పాయలో ఒక కాపలా పడవ వదిలారు. అందులో మనిషి లేడు. ఏ పాత్రలోనైనా మంచినీళ్ళ వాసన పడితే చెవులు చిల్లులు పడేలా కూత పెడుతుంది.

మారిత్ రేవులో నిలబడి అందరికీ నమస్కారాలు పెడుతోంది. నేను వెళ్ళి చెయ్యి పట్టుకుని పక్కకు లాగాను.

"ఏంటిది?"

"చెట్టు ఉంచుతున్నారు అక్కా! నీ మాట విన్నారు. కాకపోతే లెక్క పాడైంది కాబట్టి మళ్ళీ మొదటి నుంచి కొలవాలి. ఈసారి శుభ్రంగా. గువ్వలపాలేనికి నీళ్ళు చేరకూడదు."

"ఎన్నాళ్ళు?"

"ఈ వేసవి దాటేదాకా."

"వేసవి దాటేలోపు లంకమ్మ కనాలి. నీకు చెప్పాను గదా."

"చెప్పావు" అంది. "మూడు వందల ఊళ్ళు వరసలో ఉన్నాయి అక్కా. రుజువు లేకపోతే ఒక్క ఊరికీ రాదు. అన్ని ఊళ్ళల్లోనూ లంకమ్మలు ఉన్నారు" అంది.

"ఈ తాళం ఎవరి బుర్రలో పుట్టింది?"

తను తలెత్తి నా మొహంలోకి చూసింది. అంత మాత్రం నిజాయితీ ఉంది. "నేనే అడిగాను. అడక్కపోతే పీకేసేవాళ్ళు" అంది.

నా నోట్లోంచి వచ్చిన తిట్లు ఈ చెవికి కూడా చెప్పను. మా వాళ్ళకు దాహం వేస్తేనే వాళ్ళకు లెక్క తేలుతుంది. ఈ ముక్క ముందే చెప్పి ఉంటే నేను నోరు కుట్టేసుకునేదాన్ని కదా! చెట్టు పోయినా నోరు విప్పేదాన్ని కాదు. అక్కా అక్కా అంటూ నా నోటితోనే చెప్పించుకుంది, దొంగమొహంది.

నమోదు 33

లంకమ్మ పలక పసుపుకు వచ్చింది. ఏడో నెల పడింది.

మామ నిన్న ఒక్క మాట అన్నాడు: "పిల్లని పురిటికి తీసుకొస్తన్నాను." ఆడపిల్లను పురిటికి పుట్టింటికి తెచ్చుకోవడానికి ఎవడి అనుమతి కావాలి? పసుపు, కుంకుమ, చలిమిడి తీసుకుని తనే పడవ వేసుకుని వెళ్ళి తెచ్చాడు. ఊరంతా రేవులో హారతిపట్టింది.

ఇవాళ పొద్దున చెట్టు మూతి తెరుచుకోలేదు. ఎవరి చెయ్యి ఆనించినా చుక్క రాలేదు. మారిత్‌ను పలకలో పిలిస్తే చెప్పింది, పోలిక ఊరి మనిషి ఇక్కడ పడుకుంటే పూసను బట్టి చెట్టుకు తెలిసిపోతుందట, ఆ మనిషి వెళ్ళేదాకా తెరుచుకోదట. గువ్వలపాలేనికి వాళ్ళు పెట్టుకున్న పేరు అదన్నమాట. పోలిక ఊరు. నేను పుట్టిన ఊరికి పేరుంది అన్నాను. వినిపించలేదేమో, మాట మార్చింది.

మామ చెట్టు దగ్గర నిలబడి గట్టిగా అరిచాడు. "మూసుకుంటే మూసుకోనీండి! మన తాతలు ఈ చెట్టు చూసి బతికారా? నా పిల్ల ఇక్కడే కంటది!" ఎవరూ ఎదురు చెప్పలేదు. కూజాల అడుగున మిగిలిన వాననీళ్ళు అందరూ పిల్లలకు పోశారు, లంకమ్మకు పోశారు.

నమోదు 34

లంకమ్మ వెళ్ళిపోయింది.

ఎండ ఎక్కేసరికి పసిపిల్లలు ఏడుపు లంకించుకున్నారు. పక్కింటి సూరమ్మ పిన్ని మనవడికి విరేచనాలు పట్టుకున్నాయి. మామ ఎవరి మొహమూ చూడలేక వల ముందేసుకుని కూర్చున్నాడు. నేను ఇంటి వెనక చేపలు తిరగేస్తుంటే తెడ్డు చప్పుడైంది. చూస్తే, నిండు కడుపుతో అది ఒక్కతే పడవ తోసుకుంటూ పాయ మధ్యకు పోయింది.

"లంకీ! బుద్ధుందా నీకు? వెనక్కి రా!" అని అరిచాను.

"చేపలు మాడతన్నాయి చూసుకో ఒదినా" అంది. వెనక్కి తిరగలేదు.

అది అవతలి ఒడ్డుకు చేరిన కాసేపటికి చెట్టు మూతి తెరుచుకుంది. జనం పరిగెత్తారు. నేనూ తాగాను. తాగక ఛస్తానా? మామ మాత్రం ఇవాళ తాగలేదు.

నమోదు 36

సూరమ్మ పిన్నికి వచ్చింది ఆ ఆలోచన. "పడవ పాత్రల్ని వాసన చూస్తది గానీ మన నోళ్ళని చూస్తదా?" అంది.

అంతే. మూతికి నోరు పెట్టి తాగినంత తాగి, ఆఖరి గుక్క మింగకుండా బుగ్గల్లో పట్టుకుని, ఆడాళ్ళం పది మందిమి పడవెక్కాం. ఈలదిబ్బ ఆడాళ్ళు పది మంది ఒక పడవలో, ఒక్కరి నోటా మాట లేదు! ఈ వింత మా తాతలు కూడా చూసి ఉండరు. కాపలా పడవ దగ్గరకొచ్చి చుట్టూ తిరిగింది. మేం ముక్కులతో ఊపిరి పీలుస్తూ దేవుళ్ళకు మొక్కుకుంటున్నాం. అది కూయలేదు, వెళ్ళిపోయింది. అప్పుడు సూరమ్మ పిన్ని మా బుగ్గల వంక చూసి నవ్వు ఆపుకోలేక గుటుక్కున మింగేసింది. తర్వాత దారంతా తలకొట్టుకుంది పాపం, మేం తిట్టడానికి కూడా లేదు.

గువ్వలపాలెంలో అమ్మ గిన్నె పట్టుకుని నిలబడింది. ఒక్కొక్కరం వంగి అందులో వదిలాం. అందరిదీ కలిపితే రెండు గ్లాసులైంది. కాళ్ళు పొంగి లంకమ్మ మంచం మీద ఉంది. గిన్నె చూసి, "ఇందులో సూరమ్మ పిన్నిది ఏది? పొగాకు కంపు కొట్టుద్దేమో" అంది.

"నాది నేనే మింగేశాను తల్లీ, నీ అదృష్టం" అంది సూరమ్మ పిన్ని.

ఎంగిలి నీళ్ళివ్వడం నాకు మనసొప్పలేదు. అమ్మ మాత్రం "పుట్టింటి ఎంగిలికి దోషం లేదు, తాగవే" అంది. అది రెండు చేతులా గిన్నె పట్టుకుని, ఆపకుండా తాగేసి, అడుగున మిగిలిన తడిని కూడా వేలితో తీసి నాకింది. మేమంతా అటూ ఇటూ చూశాం.

రోజూ వెళ్తున్నాం. రెండు గ్లాసులు ఆ కడుపుకు ఏ మూలకు!

నమోదు 41

పాప పోయింది.

మధ్యాహ్నం అన్నం తింటూ కంచం మీదికి ఒరిగిపోయిందట. ఫిట్స్ వచ్చాయి. కట్ట మీద నుంచి ఆసుపత్రి పడవ వచ్చేసరికి పొద్దువాలింది. లంకమ్మ దక్కింది. పాప దక్కలేదు. మా అమ్మ పోలికే. ముక్కు కూడా మా అమ్మదే.

మా తమ్ముడికీ, మా ఆయనకూ సముద్రం మీదికి కబురు పంపాం. మామ పాయ దాటి వచ్చాడు గానీ గుమ్మం దాటి లోపలికి రాలేకపోయాడు. గుంజ పట్టుకుని నిలబడి, "నేను తెచ్చుకున్నాను గదా, తెచ్చుకున్నాను గదా" అంటున్నాడు.

అమ్మ నన్ను ఒక్క మాటా అనలేదు. మారిత్‌ను అంది. "మన పులుసు తిని, మన చాప మీద కూర్చుని, తిన్నింటి వాసాలు లెక్కపెట్టింది" అంది. అంతే, చీర కొంగు నోట్లో కుక్కుకుంది. నన్ను నాలుగు తిట్టినా బాగుండేది.

లంకమ్మ కళ్ళు తెరిచాక నన్ను చూసి చెయ్యి చాపింది. పట్టుకోమందనుకుని పట్టుకున్నాను.

"పలక తిప్పవా ఒదినా? ఇయ్యాల మా వారం గదా" అంది.

ఎగతాళికి అనలేదు. మందుల మత్తులో ఉంది. ప్రతివారం లాగే చెయ్యి చాపింది. ఏం చేయాలో తోచక తిప్పాను. ఎర్రగా వెలిగింది. ఆ ఎరుపు కూడా నేరుగా వాళ్ళకు పోయింది.

నమోదు 45

మారిత్ గొంతు పలకలో వచ్చింది. సంతోషంతో వణుకుతోంది.

"అక్కా, తేడా తేలింది! ఎవరూ కాదనలేనంత తేడా. ఇన్నేళ్ళలో ఏ సాయానికీ ఇంత గట్టి రుజువు రాలేదట. మూడు వందల ఊళ్ళకూ చెట్లు మంజూరు చేశారు. ఇదంతా నీ వల్లే. వచ్చే వారం నేను వస్తున్నాను, ఈలదిబ్బలో పండగ చేద్దాం."

"గువ్వలపాలేనికి?" అని అడిగాను.

"అక్కడ ఇంకొన్నాళ్ళు అలాగే ఉంచి చూడాలంటున్నారు. చెట్టు ప్రభావం ఎంతకాలం ఉంటుందో తెలియాలి కదా. పోల్చడానికి ఇంకో ఊరు లేదు" అంది. తర్వాత గొంతు తగ్గించి, "లంకమ్మ సంగతి తెలిసింది. చాలా బాధపడ్డాను" అంది.

తెలిసింది. తెలియకుండా ఎలా ఉంటుంది? వాళ్ళకు తేలిన ఆ తేడాలో మా పాప కూడా ఉంది. దాన్ని తీసేసి మళ్ళీ లెక్క వేసుకోమను.

చెట్టు మంచిదే. అది మంచిదని నాకు మొదటి వారమే తెలుసు, మామకు తెలుసు, సూరమ్మ పిన్నికి తెలుసు. మేం చెబితే అది రుజువు కాదట. బిడ్డ పోతే అయ్యిందట.

ఈ చెవి నాకొక్కదానికే వినిపిస్తుందని చెప్పింది కూడా ఆవిడే. ఎవరైనా వింటుంటే వినండి. నాకేం భయం లేదు. ఆ మాటలు విన్నాక పలకను పాయలో పారేశాను.

నమోదు 46

ఇవాళ మారిత్ వచ్చింది. రేవులో పందిరి వేశారు, సంఘం వాళ్ళు రంగుకాగితాలు కట్టారు. మా ఊరివాళ్ళు ఎవరూ రేవుకు పోలేదు. తను కాసేపు అటూ ఇటూ చూసి, నేరుగా మా ఇంటికి వచ్చింది. గుమ్మంలో చెప్పులు విప్పి, "రావచ్చా అక్కా?" అంది.

"రా చెల్లీ" అన్నాను.

చాప వేశాను. కూర్చుంది. బాగా చిక్కిపోయింది, కళ్ళ కింద నల్లగా ఉంది. నిద్రపోవడం లేదేమో. జాలి వేసింది, అబద్ధం ఎందుకు. ఆ జాలి చూసుకుని నా మీద నాకే ఒళ్ళు మండింది.

"నువ్వు తిడతావని తెలిసే వచ్చాను" అంది.

"ఇంటికొచ్చినదానికి ముందు నీళ్ళు, తర్వాతే మాట" అన్నాను.

నిన్న గువ్వలపాలెం నుంచి ఒక బిందె తెచ్చుకున్నాను. వలల కింద దాచలేదు. పడవ మధ్యలో, మూత తీసి పెట్టుకుని తెచ్చాను. కాపలా పడవ పక్క నుంచే పోయింది. ఉప్పునీళ్ళకు అది కూయదు.

గ్లాసు నిండా పోసి రెండు చేతులా ఇచ్చాను. తను కూడా రెండు చేతులా అందుకుంది, నేను నేర్పిన మర్యాదే. ఒక గుక్క తాగి ఆగిపోయింది. మొహం మారిపోయింది. కక్కలేదు, మింగింది.

"ఇవి..." అంది.

"పోలిక ఊరి నీళ్ళు. మా లంకమ్మ తాగినవి."

"అక్కా, ఆ మూడు వందల ఊళ్ళల్లో ఎంతమంది బతుకుతారో..."

"తెలుసు. బతకాలి. అందరూ చల్లగా బతకాలి. నువ్వు తాగు."

తను నా మొహంలోకి చూసింది. నేను చూపు తిప్పుకోలేదు. కళ్ళు మూసుకుని, ఒక్కో గుక్కా మింగుతూ, మధ్యలో పొలమారి దగ్గి, మొత్తం తాగింది. నేను కదలకుండా ఎదురుగా కూర్చున్నాను. ఖాళీ గ్లాసు చాప మీద పెట్టి, "ఇప్పుడు మాట్లాడతావా?" అంది.

బిందె వంచి గ్లాసు మళ్ళీ నింపాను.